హ్యూయన్ త్సాంగ్ మన ఊరి గురించి అసలేం రాశాడు

బెజవాడ చరిత్ర మీద ఎవరు ఏ వ్యాసం రాసినా రెండో పేరాకల్లా హ్యూయన్ త్సాంగ్ వచ్చేస్తాడు. ఏడో శతాబ్దంలోనే చైనా యాత్రికుడు మన నగరాన్ని దర్శించి వైభవాన్ని కొనియాడాడు అని ఒక వాక్యం పడుతుంది, అంతే, మూడో పేరాలో కృష్ణా బ్యారేజీ మొదలవుతుంది. ఆయన కొనియాడింది ఏమిటో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు ఆ కుతూహలం పట్టుకుంది. ఆయన యాత్రా గ్రంథానికి బీల్ 1884లో చేసిన ఇంగ్లిష్ అనువాదం, వాటర్స్ రాసిన వ్యాఖ్యానం రెండూ పాతవే కాబట్టి నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటిని పక్కపక్కన పెట్టుకుని మన ప్రాంతం గురించి ఉన్న కొద్ది పేజీలూ నెమ్మదిగా చదివాను. కొనియాడింది తక్కువే. "ఆరామాలు (భిక్షువుల నివాసాలు) చాలా ఉన్నాయి గానీ ఎక్కువ భాగం పాడుబడి మనుషులు లేకుండా ఉన్నాయి, నిలిచి ఉన్నవి ఓ ఇరవై, వాటిలో వెయ్యి మంది భిక్షువులు" అన్నది ఆయన చెప్పిన మాటల సారాంశం. దేవాలయాలు మాత్రం వందకు పైగా అన్నాడు. అంటే ఆయన వచ్చేసరికే మన దగ్గర బౌద్ధం వెనకపట్టు పట్టింది, ఆయన అది చూసి రాసుకుని వెళ్ళాడు.

ఆయన కథ స్కూల్లో చదువుకున్నదే కాబట్టి గబగబా చెప్పేస్తాను. దేశం దాటి వెళ్ళకూడదని నిషేధం ఉన్న రోజుల్లో దొంగచాటుగా చైనా రాజధాని చాంగాన్ నుంచి బయల్దేరాడు, 627లో అని కొందరు, 629లో అని కొందరు. ఎడారిలో నీళ్ళ తిత్తి చేజారి ఒలికిపోతే నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు చుక్క నీరు లేకుండా నడిచాడు. దారిలో గావోచాంగ్ అనే చిన్న రాజ్యపు రాజు భక్తి ఎక్కువై "ఇక్కడే ఉండిపోండి" అని పట్టుబడితే అన్నం మానేసి కూర్చుని మరీ వదిలించుకున్నాడు. నలందాలో ముసలి గురువు శీలభద్రుడి దగ్గర చదివాడు. 645లో 657 గ్రంథాలను ఇరవై గుర్రాల మీద వేసుకుని తిరిగి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు నేరస్తుడు, వచ్చేటప్పుడు రాజధాని జనమంతా వీధుల్లోకి వచ్చి చూశారు.

చక్రవర్తి తైజాంగ్‌కు మాత్రం సూత్రాల కన్నా దేశాల మీద ఆసక్తి ఎక్కువ. పడమటి రాజ్యాలు ఎలా ఉంటాయి, నేల ఎలాంటిది, జనం ఎలాంటివాళ్ళు, ఇవన్నీ రాసివ్వమన్నాడు. మరుసటి ఏడాదికి, అంటే 646 నాటికి, పన్నెండు భాగాల పుస్తకం తయారైంది. హ్యూయన్ త్సాంగ్ చెబుతుంటే శిష్యుడు బియాన్‌జీ కూర్చాడు (ఈ కుర్రాడికి తర్వాత ఒక రాజకుమార్తెతో సంబంధం అంటగట్టి మరణశిక్ష వేశారని చైనా చరిత్రల్లో ఉంది, అది వేరే కథ, రాయాలంటే ఇంకో పోస్టు కావాలి). రాజు కోసం రాసింది కాబట్టే ప్రతి దేశం గురించీ ఒకే పద్ధతిలో మొదలవుతుంది. చుట్టుకొలత ఇన్ని లీలు (లీ అంటే చైనా దూరపు కొలత), రాజధాని ఇన్ని లీలు, నేల సారవంతం, ఎండ ఎక్కువ, జనం స్వభావం ఫలానా, ఆరామాలు ఇన్ని, భిక్షువులు ఇందరు, దేవాలయాలు ఇన్ని. తహసీల్దారు ఆఫీసు నుంచి కలెక్టరేటుకు వెళ్ళే రిపోర్టులా ఉంటుంది. అందుకే చాలామంది రెండు పేజీలకే పక్కన పెట్టేస్తారు. కానీ ఆ రిపోర్టు మధ్యలో ఉన్నట్టుండి ఒక కథ మొదలవుతుంది, అక్కడే ఆ పుస్తకం అసలు రుచి.

దక్షిణ కోసల నుంచి ఆయన ముందు ఆంధ్ర దేశానికి వచ్చాడు. అక్కడి రాజధానికి ఆయన రాసిన పేరు వేంగీపురమేనని, అంటే ఏలూరు దగ్గరి పెదవేగి అని పండితులు గుర్తించారు. సుమారు 639, 640 ప్రాంతం అనుకుంటే అప్పటికి కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో తూర్పు చాళుక్య రాజ్యం మొదలుపెట్టి ఎన్నో ఏళ్ళు కాలేదు. రాజు గురించి ఒక్క మాట లేదు. మాట గురించి మాత్రం ఉంది. ఇక్కడి మాట, వాక్యం కట్టే తీరు మధ్యదేశంతో, అంటే ఉత్తరాదిన గంగా మైదానంతో పోలిస్తే వేరు, అక్షరాల ఆకారం మాత్రం దాదాపు అక్కడిలాంటిదే అన్నాడు. తొలి తెలుగు శాసనంగా చెప్పే రేనాటి చోళుల కలమళ్ళ శాసనం 575 నాటిది అంటారు కదా, అది చెక్కి అరవై డెబ్బై ఏళ్ళు కూడా కాకముందు ఒక పరదేశి వచ్చి, చెవితో విని, ఈ భాష తీరు వేరుగా ఉందే అని గమనించాడు. నాకు ఆ ఒక్క వాక్యం దగ్గరే చాలాసేపు ఆగబుద్ధయింది. ఇక జనం స్వభావం అంటారా, ఉద్రేకం ఎక్కువ, దుడుకు మనుషులు అన్నాడు. సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్ దగ్గర బండి ఆపుకుని నిలబడ్డవాళ్ళెవరూ ఈ మాట కాదనలేరు. అయితే ఆంధ్ర తర్వాత వెళ్ళిన కృష్ణా తీరపు రాజ్యం ధాన్యకటకం దగ్గరికి వచ్చేసరికి, వీళ్ళకి చదువంటే గౌరవం ఎక్కువ అని కూడా కలిపాడు. మనవాళ్ళు వ్యాసాల్లో ఆ రెండో సగమే ఎత్తి రాస్తారు, మొదటి సగం వదిలేస్తారు.

పెదవేగి వైపు ఒక కొండ మీద బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు తర్కశాస్త్ర గ్రంథం రాశాడని ఒక కథ చెప్పి, అక్కడి నుంచి దక్షిణంగా అడవుల్లో వెయ్యి లీలు నడిస్తే ధాన్యకటకం అన్నాడు. ఇక్కడే పేచీ. లీ అంటే అర కిలోమీటరుకు అటూ ఇటూ. వెయ్యి లీలంటే నాలుగైదు వందల కిలోమీటర్లు. పెదవేగి నుంచి బెజవాడ డెబ్బై ఎనభై కిలోమీటర్లు ఉంటుంది, అమరావతి అనుకున్నా ఇంకో ముప్పై నలభై కలపాలి. ఎలా కూడినా లెక్క కుదరదు. అడవి దారిలో చుట్టూ తిరిగి వచ్చి, పట్టిన రోజుల్ని లీలుగా మార్చి చెప్పి ఉంటాడని నా ఊహ. నడిచి వచ్చినవాడికి ఎన్ని రోజులు నడిచానన్నదే గుర్తుంటుంది.

ఆయన వర్ణన మాత్రం చూడండి. రాజధానికి తూర్పున కొండను ఆనుకుని పూర్వశైల ఆరామం, పడమట కొండను ఆనుకుని అవరశైల ఆరామం. పూర్వం ఒక రాజు బుద్ధుడి కోసం కొండను తొలిపించి, లోయలోంచి బాట వేయించి, పొడవాటి వసారాలూ మండపాలూ కట్టించాడట. ఊరికి దక్షిణంగా ఒక పెద్ద కొండ, దానికో నిట్టనిలువు రాతి గోడ. ఇప్పుడు బెజవాడ పాతబస్తీలో నిలబడి ఆలోచించండి. పక్కనే ఇంద్రకీలాద్రి, దాని కింద అక్కన్న మాదన్న గుహలు. తూర్పున మొగల్రాజపురం కొండ, అందులోనూ తొలిచిన గుహలు. కృష్ణ దాటితే ఉండవల్లి, నాలుగంతస్తుల గుహ. పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ పరిశోధకుల్లో ఫెర్గుసన్ సరిగ్గా ఇది చూసే "ఆయన వర్ణించింది బెజవాడనే" అన్నాడు, సీవెల్ కూడా ఆ మాటే పట్టుకున్నాడు. కన్నింగ్‌హామ్ మాత్రం ధరణికోట అన్నాడు. శాసనాల్లో ధాన్యకటకం పేరు దొరికింది అమరావతి, ధరణికోటల్లోనే కాబట్టి పేరు వరకు కన్నింగ్‌హామ్‌దే పైచేయి. కానీ అమరావతి చుట్టూ నేల బల్లపరుపుగా ఉంటుంది, ఊరికి అటో కొండ ఇటో కొండ అనడానికి అక్కడ కొండలేవి?

ఈ విషయం ఒకసారి అమరావతి వైపు ఉండే మా మేనమామతో అన్నాను. "ఏరా, స్తూపం మాది, శాసనం మాది, పేరు మాది, అయినా చైనా ఆయన మాత్రం మీ బెజవాడకే రావాలా?" అన్నాడు. "ఆయన రాసిన కొండలు మా దగ్గరే ఉన్నాయి మామయ్యా, నేనేం చెయ్యను" అన్నాను. అత్తయ్య కాఫీ తెచ్చింది కాబట్టి ఆ చర్చ అక్కడితో ఆగింది. నా అభిప్రాయం మాత్రం ఇది. ధాన్యకటకం అన్నది ఆయనకు రాజ్యం పేరు, ఆయన బస చేసిన ఊరు ఆ రాజ్యంలో ఎక్కడైనా కావచ్చు. పేరు ధరణికోటకు, వర్ణన బెజవాడకు ఇచ్చేస్తే ఇద్దరికీ గొడవ ఉండదు, మా మామయ్య ఒప్పుకోకపోయినా.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఒకటుంది. హ్యూయన్ త్సాంగ్ అమరావతి మహాస్తూపం గురించి ఒక్క ముక్క రాయలేదు. దారిలో కనబడ్డ ప్రతి చిన్న స్తూపానికీ ఎత్తు ఇన్ని అడుగులు, అశోకుడు కట్టించాడు, బుద్ధుడు ఇక్కడ ధర్మం చెప్పాడు అని రాసుకునే మనిషి, తెల్లటి సున్నపురాయి పలకలతో మెరిసే అంత పెద్ద కట్టడాన్ని ఎలా వదిలేశాడు? అప్పటికే కూలిపోయిందేమో అనుకోవడానికి లేదు. 1182లో కోట వంశపు కేతరాజు శాసనంలో బుద్ధుడి చైత్యం ప్రస్తావన ఉంది. 1344 నాటి శ్రీలంక గడలాదెనియ శాసనంలో ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో ఒక బుద్ధ మందిరాన్ని బాగు చేయించిన సంగతి ఉంది. అంటే ఈయన వెళ్ళిన ఐదు నుంచి ఏడు వందల ఏళ్ళ తర్వాత కూడా అక్కడ పూజలు జరుగుతూనే ఉన్నాయి. ఆ తర్వాతే అది దీపాలదిన్నె అనే మట్టిదిబ్బ అయ్యింది. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి కాలంలో రాళ్ళ కోసం తవ్వారు, 1816లో సర్వే అధికారి మెకంజీ బృందం బొమ్మలు గీసుకుంది, మిగిలినవి మద్రాసుకీ లండన్‌కీ వెళ్ళాయి. ఈ మౌనమే ఆయన అమరావతి దాకా వెళ్ళలేదేమో అనిపించడానికి పెద్ద కారణం. నా అనుమానం కూడా అదే, ఆయన ఇటు బెజవాడ వైపే నెలల తరబడి ఉండిపోయి ఉంటాడు.

ఆయన కన్నా రెండు వందల ఏళ్ళ ముందు వచ్చిన ఫాహియాన్ గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి. 399లో చాంగాన్ నుంచి బయల్దేరిన ఆ పెద్దాయన దక్షిణాపథానికి రానేలేదు. దక్షిణ దేశంలో కొండను తొలిచి ఐదంతస్తుల విహారం కట్టారని, కింద అంతస్తు ఏనుగు ఆకారం, ఆపైన సింహం, గుర్రం, ఎద్దు, అన్నిటికంటే పైన పావురం అని వర్ణించాడు. వర్ణించి, దారి ప్రమాదం, రాజుకు డబ్బు కట్టాలి, అందుకే నేను వెళ్ళలేకపోయాను, ఆ దేశస్తులు చెప్పింది రాస్తున్నాను అని స్పష్టంగా చెప్పేశాడు. హ్యూయన్ త్సాంగ్ ఇలా చెప్పడు. చూసిందీ విన్నదీ ఒకే గొంతుతో చెబుతాడు, విడదీసుకోవడం మనపని. ఆరామాలు పాడుబడ్డాయి అన్నది చూసి రాసింది. పూర్వశైల, అవరశైల ఆరామాలు ఎందుకు పాడుబడ్డాయో చెప్పింది మాత్రం విన్నది. కొండదేవత తోడేలు రూపంలో ఒకసారి, కోతి రూపంలో ఒకసారి కనబడి వచ్చేపోయేవాళ్ళని హడలగొడుతోందట, అందుకని భిక్షువులు అక్కడ ఉండటం మానేశారట. ఈ మాట ఆయన కల్పించలేడు. ఎవరో స్థానికుడు, బహుశా తోవ చూపించడానికి వెంట వచ్చినవాడు, "అటు పోకండి స్వామీ" అని చెప్పి ఉంటాడు. భిక్షువులు ఎందుకు పోయారంటే దానాలు ఆగిపోయాయనో, రాజులు శైవం వైపు మళ్ళారనో మనం ఇప్పుడు కారణాలు చెబుతాం. అప్పుడు కొండ కింద ఉన్నవాళ్ళు చెప్పుకున్న కారణం ఇది. నాకైతే రెండోది వినడమే ఇష్టం, ఎందుకంటే మొదటిది ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది.

ఇలా విన్నవాటిలో పెద్దది భావవివేకుడి కథ. ఊరికి దక్షిణంగా ఉన్న కొండ దగ్గర ఆయన విన్నది ఇది. భావవివేకుడు గొప్ప తార్కికుడు, పైకి సాంఖ్యుడి వేషం, లోపల నాగార్జునుడి మతం. మగధలో ధర్మపాలుడు వేలమందికి బోధిస్తున్నాడని విని వాదించడానికి అంత దూరం నడిచి వెళ్ళాడు. ధర్మపాలుడు బోధివృక్షం దగ్గర ఉన్నాడు. కబురంపితే, "మనిషి బతుకు మాయ, నీడలాంటి దేహం, పొద్దస్తమానం సాధన చేసుకుంటున్నాను, వాదాలకు తీరిక లేదు" అని సమాధానం వచ్చింది. వెనక్కి వచ్చేశాడు. ఇక నా సందేహాలు రాబోయే బుద్ధుడైన మైత్రేయుడు వస్తేనే గానీ తీరవు అనుకుని, బోధిసత్వుడు అవలోకితేశ్వరుడి విగ్రహం ముందు అన్నం మాని, నీళ్ళతో మూడేళ్ళు మంత్రం జపించాడు. అవలోకితేశ్వరుడు ప్రత్యక్షమై, దేహం శాశ్వతం కాదు, పుణ్యం చేసుకో, తుషిత స్వర్గంలో పుట్టి అక్కడే మైత్రేయుణ్ణి చూడొచ్చు కదా అన్నాడు. ఈయన వినలేదు. ఈ దేహంతోనే చూడాలి అన్నాడు. సరే అయితే, ధాన్యకటకానికి దక్షిణాన కొండ ఉంది, అక్కడ వజ్రపాణి అనే రక్షక దేవుణ్ణి అడుగు అన్నాడు. మళ్ళీ మూడేళ్ళ జపం. వజ్రపాణి వచ్చి, ఈ రాతి లోపల అసురుల భవనం ఉంది, శాస్త్రోక్తంగా అడిగితే తెరుచుకుంటుంది, లోపల ఉండి మైత్రేయుడి కోసం ఎదురుచూడు, ఆయన వచ్చినప్పుడు నేనే చెబుతాను అన్నాడు. ఇంకో మూడేళ్ళు. చివరికి ఆవాలు మంత్రించి రాతి మీద కొట్టాడు. కొండ తెరుచుకుంది.

అప్పటికి అక్కడ వేలమంది జనం గుమిగూడారు. భావవివేకుడు గుమ్మంలో నిలబడి, రండి, నాతో పాటు లోపలికి రండి అని పిలిచాడు. ఒక్కరూ కదల్లేదు. "అది పాముల పుట్ట, లోపలికెళితే ప్రాణాలు పోతాయి" అన్నారు. ఆయన మళ్ళీ మళ్ళీ పిలిచాడు. ఆరుగురు మాత్రం వెంట వెళ్ళారు. ఆయన వెనక్కి తిరిగి అందరి దగ్గరా సెలవు తీసుకుని లోపలికి వెళ్ళగానే రాయి మూసుకుపోయింది. బయట ఉన్నవాళ్ళు అయ్యో, వెళ్ళుంటే బాగుండేదే అని బాధపడ్డారు.

ఇది చదివి నేను నవ్వుకున్నాను, తర్వాత నవ్వు ఆగిపోయింది కూడా. ఆవాలు ఎవరింట్లోంచి వచ్చాయి? పామొస్తుందని వెనక్కి జరిగినవాళ్ళెవరు? తలుపు మూసుకున్నాక బాధపడినవాళ్ళెవరు? ఆ కథ చైనాలో పుట్టలేదు, నలందాలో పుట్టలేదు, ఇక్కడ కృష్ణ ఒడ్డున ఎవరో చెప్పుకున్నదే. పన్నెండు భాగాల పుస్తకంలో మన ఊరివాళ్ళ గొంతు నేరుగా వినిపించేది అక్కడ ఒక్కచోటే. అందుకే చుట్టుకొలతలూ లీలూ నమ్మినా నమ్మకపోయినా, ఈ కథ కోసమైనా హ్యూయన్ త్సాంగ్‌ని చదవాలి అంటాను. వైభవాన్ని కొనియాడాడు అనే వాక్యం కన్నా ఇది వంద రెట్లు నయం.

ఇంకో సంగతి గమనించండి. హ్యూయన్ త్సాంగ్‌కి గురువు శీలభద్రుడు, శీలభద్రుడికి గురువు ఆ ధర్మపాలుడే. అంటే ఈయన ధర్మపాలుడి పక్షం మనిషి, భావవివేకుడు అవతలి పక్షం. అయినా కథలో భావవివేకుణ్ణి ఎక్కడా తక్కువ చేయలేదు. వాదానికి రానన్నది తన పరమగురువే అని దాచలేదు. అంతేకాదు, చైనా వెళ్ళాక 649లో భావవివేకుడి కరతలరత్నం అనే గ్రంథాన్ని తనే చైనీస్‌లోకి అనువదించాడు. ఇప్పటి మన సాహిత్య సభల్లో అవతలి వర్గం కవి పేరు ఎత్తడానికే నోరు రాదు చాలామందికి.

చివరగా ఒక విషయం, ఇది యాత్రా గ్రంథంలో లేదు, శిష్యుడు హుయిలీ మొదలుపెట్టిన జీవిత చరిత్రలో ఉంది. ధాన్యకటకంలో హ్యూయన్ త్సాంగ్ ఇద్దరు భిక్షువుల్ని కలిశాడు, సుభూతి, సూర్యుడు. ఇద్దరూ మహాసాంఘికం అనే పాత బౌద్ధ శాఖ త్రిపిటకంలో దిట్టలు. వాళ్ళ దగ్గర మూలాభిధర్మం మొదలైనవి చదువుకోవడానికే ఆయన ఇక్కడ కొన్ని నెలలు ఉండిపోయాడు. వాళ్ళేమో ఈయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదువుకున్నారు. తర్వాత స్నేహం కుదిరి అందరూ కలిసి పుణ్యక్షేత్రాలు చూడటానికి బయల్దేరారట. నలందాలో అన్నేళ్ళు చదివి, శీలభద్రుడి అంతటివాడి మెప్పు పొంది వచ్చినవాడు, సగం పాడుబడిన ఆరామాల మధ్య ఇద్దరి ముందు పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళిద్దరి గురించి మన ఊళ్ళో ఒక వీధి పేరు కూడా నాకు తెలిసి లేదు.

ఇక్కడి నుంచి ఆయన చోళ దేశం మీదుగా కాంచీపురం వెళ్ళాడు. లంకకు పడవ ఎక్కుదామనుకుంటే, అక్కడ రాజు పోయాడు, కరువు, కల్లోలం అని లంక నుంచి పారిపోయి వచ్చిన భిక్షువులే చెప్పారు, దాంతో ఆ ఆలోచన మానుకున్నాడు. తిరుగుదారిలో సింధు నది దాటుతుంటే పడవ ఊగి యాభై ప్రతులు నీళ్ళపాలయ్యాయి, తర్వాత చైనా నుంచి ఇక్కడి మిత్రులకు ఉత్తరాలు రాస్తూ పోయినవాటి జాబితా పంపి మళ్ళీ పంపించమన్నాడు. తీసుకెళ్ళిన 657లో మహాసాంఘికులవి పదిహేను. చివరి రోజుల్లో, 664లో చనిపోవడానికి రెండేళ్ళ ముందు, బౌద్ధ శాఖలు ఎలా చీలిపోయాయో చెప్పే వసుమిత్రుడి చిన్న గ్రంథం ఒకటి అనువదించాడు. ఆ శాఖల జాబితాలో చైత్యశైల, అపరశైల (అవరశైలకే ఇంకో రూపం) అనే పేర్లున్నాయి. ఆ పని చేస్తున్న రోజుల్లో, అపరశైల అన్న పేరున్న కొండ కిందికి నడిచి వచ్చి చూసినవాడు చైనాలో ఆయన కాక ఇంకెవరుంటారు?

అసలు పేజీలు చదవాలనుకునేవాళ్ళు బీల్ రెండో సంపుటంలో పదో భాగం తెరవండి. వాటర్స్ తర్వాత చదవండి, ముందే చదివితే వాదాలే మిగులుతాయి. ఉండవల్లి వెళ్ళేవాళ్ళు మాత్రం పొద్దున్నే వెళ్ళండి, పదకొండు దాటితే రాయి కాలిపోతుంది.